మూడో ఫారం

బెజవాడ ప్రచురణాలయం యజమాని మర్యాదస్తుడే. ముప్పాళ్ళ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలకు కుర్చీలు వేయించాడు. చల్లని మజ్జిగ తెప్పించాడు. వీరరాఘవమ్మ చేతిలోని పాటల కాగితాల కట్ట అందుకుని కళ్ళకద్దుకున్నాడు కూడా. ఆ తరవాత సొరుగు లాగి ఎర్ర పెన్సిలు తీశాడు.

మంగళహారతుల దగ్గర పెన్సిలు కదలలేదు. లాలిపాటల దగ్గర ఆయన తల కూడా ఊపాడు. వియ్యాలవారిని వెక్కిరించే పెళ్ళిపాటలు వచ్చేసరికి పెన్సిలుకు చేతినిండా పని దొరికింది. పై మూల నుంచి కింది మూలకు ఒక గీత, కాగితం తిప్పడం, మళ్ళీ గీత. గీత పడ్డప్పుడల్లా వీరరాఘవమ్మ కాలి బొటనవేలు నేలను గట్టిగా అదుముతోంది.

“ఇవి పందిట్లో నవ్వుకోవడానికి బాగుంటాయమ్మా. అచ్చుకు పనికిరావు. వియ్యపురాలు లడ్లు దాచుకుందనీ, గుర్రు పెట్టిందనీ మా సంస్థ పేరుతో పుస్తకం వస్తే పెద్దలేమనుకుంటారు? హారతులూ లాలిపాటలూ వేస్తాం. హక్కులు మాకు రాసివ్వాలి. అట్ట మీద మా పండితులవారి పేరుంటుంది, పరిష్కర్తగా. మీ పేరు లోపల కృతజ్ఞతల్లో వేస్తాం.”

“పండితులవారు ఏం చేస్తారండీ?”

“పాటల్ని బాగుచేస్తారు.”

“నా పాటలకి జబ్బేం చెయ్యలేదు బాబూ” అంటూ ఆమె కాగితాలన్నీ దగ్గరికి లాక్కుని, తెచ్చిన గుడ్డలోనే మళ్ళీ మూటగట్టింది.

యజమాని నొచ్చుకోలేదు. అలాంటివాళ్ళను చాలామందిని చూసినట్టు నవ్వాడు. “మీ ఇష్టం తల్లీ. సొంతంగా వేయించుకుందామని మాత్రం అనుకోకండి. మా దగ్గర ప్రూఫులు దిద్దడానికే ముగ్గురున్నారు, అక్షరం తప్పు పోదు. మా పుస్తకాలు మద్రాసు దాకా వెళతాయి. సొంతంగా వేసుకున్నవాళ్ళ పుస్తకాలు వాళ్ళింటి అటక దాకా వెళతాయి.”

తిరుగు రైల్లో వీరరాఘవమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూచుంది. పాతికేళ్ళుగా ఆ పాటలు కట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళంటే లగ్నం పెట్టించిన చేత్తోనే ఆమెకు కబురు పెట్టేవారు. అట్ట మీద తన పేరు లేకపోతే ఏడుపు రాదు గానీ, జనం పడీ పడీ నవ్విన పాటలే లేకుండా పుస్తకమేంటని ఆమె బాధ.

బసవయ్య చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. “మన మిరపకాయలు మనమే గుంటూరు తోలి అమ్ముకోట్లేదంటే? ఇదీ అంతే. పేటలో పున్నారావు ప్రెస్సుంది. మనమే ఏయిద్దాం.”

“నీకేమన్నా పుస్తకాల యాపారం తెలుసంటయ్యా?”

“తెలవదు. నిన్ను చేసుకునేటప్పుడు కాపరం మాత్రం తెలుసా ఏంది? చెయ్యలా?”

ఆమెకు నవ్వొచ్చింది. బెజవాడ నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

నరసరావుపేటలో పున్నారావు ప్రెస్సంటే శుభలేఖలూ కరపత్రాలూ వేసుకునే చిన్న ప్రెస్సు. యుద్ధం అయిపోయినా కాగితం మీద కంట్రోలు పోలేదు. పున్నారావు తన కోటాలో మిగిలిందంతా ఊడ్చి ఇచ్చాడు. బసవయ్య ఆ ఏటి మిరపకాయల డబ్బు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. మాఘమాసంలో ఒక ఉదయం, అచ్చయిన కాగితాలు ఎడ్లబండి మీద గోనెపట్టాల కింద ముప్పాళ్ళ చేరాయి. కంపోజిటరు ఏలియా కూడా బండిలోనే వచ్చాడు. క్రైస్తవ మిషను వాళ్ళ ప్రెస్సులో పని నేర్చిన మనిషి, అక్షరం పేర్చాడంటే ముత్యం పొదిగినట్టుంటుందని పేటలో పేరు. పుస్తకం కుట్టడం ఇంట్లోనే చేసుకుంటామంటే, ఎలా మడవాలో చూపించడానికి వచ్చాడు.

వీరరాఘవమ్మకు ఊపిరాడని రోజులవి. కోడలు సామ్రాజ్యానికి ఏడో నెల. ఎల్లుండి సూడిదల పేరంటం. అది కాగానే పిల్లను పురిటికి తీసుకెళ్ళడానికి దాచేపల్లి నుంచి వియ్యపురాలు ధనమ్మ రేపు దిగుతుంది. పేరంటంలో ముత్తైదువలకు తాంబూలంతో పాటు తలా ఒక పుస్తకం ఇవ్వాలనీ, మిగతావి శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో అమ్మాలనీ వీరరాఘవమ్మ ఆలోచన. అందుకే పొరుగింటి దూదేకుల సాబిరాను పిలిచింది. పరుపులూ బొంతలూ కుట్టే చెయ్యి, పుస్తకం కుట్టడం ఆమెకొక లెక్క కాదు.

పంచలో చాప పరిచి నలుగురూ కూచున్నారు. మడిచినవి దొంతర పెట్టడానికి సామ్రాజ్యం గోడకు చేరగిలబడింది. ఏలియా ఒక పెద్ద కాగితం తీసి, సగానికి మడిచి, మళ్ళీ మడిచి, మళ్ళీ మడిచి కొబ్బరిచిప్ప ముక్కతో మడతల మీద రుద్దాడు. పెద్ద కాగితం కాస్తా పదహారు పేజీల చిన్న మడత అయి కూచుంది.

“దీన్నే ఫారం అంటామమ్మా. మీ పుస్తకానికి నాలుగు ఫారాలు. వరసగా ఒకదాని మీద ఒకటి పెట్టి, వెనక మడతలోంచి సూది పోనివ్వాల. పైన అట్ట అంటించాల. గంజిలో ఇంత మైలుతుత్తం కలపండి, పురుగు పట్టదు.”

వీరరాఘవమ్మ అట్ట అందుకుని చూసుకుంది. గులాబిరంగు కాగితం మీద నల్లటి అక్షరాలు. కింద ‘రచన, ప్రచురణ: వీరరాఘవమ్మ, ముప్పాళ్ళ’ అని ఉంది. రాసిందీ ఆమే, వేసిందీ ఆమే. ఒక్కసారి కళ్ళు చెమ్మగిల్లితే, గంజి పొగ తగిలిందని కొంగుతో తుడుచుకుంది. గంజి ఇంకా పొయ్యి ఎక్కనే లేదు.

ఒకటీ రెండూ నాలుగూ ఫారాలు ఆమె ప్రూఫుల్లోనే చూసింది. మూడోదానికి మాత్రం చలిమిడి బియ్యం దంపిస్తూ ఉండిపోయి బసవయ్యను పేటకు పంపింది. ఇప్పుడా మూడో ఫారం మడుస్తూ మడుస్తూ సాబిరా చెయ్యి ఆగింది. కూడబలుక్కుని చదవడం సాబిరాకు వచ్చు. చదివింది. మళ్ళీ చదివింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేక చాప మీద పక్కకు ఒరిగిపోయింది.

“ఏందే ఆ నవ్వు? ఏముంది అందులో?”

“రాఘవమ్మక్కా, ఇదిగో విను.

*ధనమ్మ వదిన గుర్రు పెడితే వానొచ్చిందనుకున్నాము*
*మిద్దె మీద వడియాలన్నీ మూటగట్టి దింపాము!*

అచ్చం ఆమేనక్కా! ఎంత ధైర్నంగా రాశావు!”

వీరరాఘవమ్మ కాగితం లాక్కుంది. ఆ పాటలో ఆమె ఎవరి పేరూ రాయలేదు. వెక్కిరింపు పాటలకు పేరుండదు. పేరు వచ్చేచోట ఖాళీ వదిలేస్తారు. ఏ పందిట్లో పాడితే ఆ పందిట్లోని వియ్యపురాలి పేరు అప్పటికప్పుడు అతికిస్తారు. పాడే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి అది. అందుకే కాగితం మీద పేరు చోట నాలుగు చుక్కలు పెట్టి ఊరుకుంది. ఆ చుక్కలన్నీ ఎగిరిపోయాయి. కింది పాట చూసింది.

*పట్టుచీర కట్టుకొచ్చె పందిట్లోకి ధనమ్మ*
*కుచ్చిళ్ళలో దాచిన లడ్లు గుప్పున రాలె ధనమ్మ*

తిప్పింది. ధనమ్మ. ఇటు తిప్పింది. ధనమ్మ. పదహారు పేజీల నిండా వియ్యపురాలు విందుకొచ్చినట్టు బాసిపట్టేసుకుని కూచుంది.

“ఏలియా! ఈ పేరెవరు పెట్టమన్నారు?”

ఏలియా ముఖం మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నవాడి ముఖంలాగే ఉంది ఇంకా. “మీ ప్రతిలో చుక్కలున్నాయమ్మా. తొందర్లో పేరు రాయడం మర్చిపోయారనుకున్నా. మా గుడి పాటల పుస్తకంలో ఎక్కడా ఖాళీ ఉండదు. ఖాళీతో అచ్చేస్తే పుస్తకం అసంపూర్తిగా ఉండదా? అందుకని అయ్యగారొచ్చినప్పుడు, వియ్యపురాలి పేరేందని అడిగా.”

ఆమె మొగుడి వంక తిరిగింది.

“అడిగాడు, చెప్పా” అన్నాడు బసవయ్య. “ఎనకా ముందూ చూసుకునేదానికి అదేమన్నా కోర్టు సాచ్చెమా? వియ్యపురాలి పేరు తెలవని వియ్యంకుడు ఉంటాడంటే?”

“మరి ప్రూఫు చూశావుగా!”

“చూశా. పేరు చక్కగా పడింది. ఒక్క చోటా తప్పు పోలా.”

పెళ్ళిపాటలు ఆడవాళ్ళ పంక్తిలో పుట్టి ఆడవాళ్ళ పంక్తిలోనే తిరుగుతాయి. అప్పుడు మగవాళ్ళంతా అవతల చుట్టలు కాల్చుకుంటూ ఎడ్ల బేరాలాడుతుంటారు. ఏలియా అయినా బసవయ్య అయినా ఆ ఖాళీ సంగతి వాళ్ళకేం తెలుసు? ఎవరిని తిట్టాలో తెలియక వీరరాఘవమ్మ తన నుదుటి మీద తనే కొట్టుకుంది.

“మళ్ళీ ఈ ఒక్క ఫారం వేసియ్యి ఏలియా. ఎంతయితే అంతిస్తా.”

“డబ్బుతో పని కాదమ్మా. కాగితమేదీ? మా కోటా తుడిచిపెట్టుకుపోయింది. కొత్త కోటా ఎప్పుడొచ్చిద్దో దేవుడికే తెలియాల. పేర్చిన టైపు కూడా విప్పి అక్షరాల కేసుల్లో పోసేశా.” అతని గొంతు సన్నబడింది. “పేరున్న చోటల్లా సిరా పూసియ్యమంటే కూచుని పూసిస్తా.”

“పాటపాటకీ మసి పూస్తే అది పుస్తకమా, దిష్టిబొమ్మా?”

ధనమ్మ సంగతి ఎరిగినవాళ్ళెవరూ ఆ పాటలు ఆమె చెవినపడనివ్వరు. సున్నపు బట్టీల లక్ష్మీనారాయణ భార్య ఆమె. మనిషి నిలువెత్తు, మాట నిక్కచ్చి. పెళ్ళిలో అరిటాకు చిన్నదిగా వేశారని ముద్ద ముట్టకుండా లేచిన మనిషి. పైగా గుర్రు పెట్టే మాట నిజం. ఈ పాటలు వియ్యానికి ఎన్నో ఏళ్ళ ముందు కట్టినవని ఎంత మొత్తుకున్నా నమ్ముతుందా? పురిటికి తీసుకెళ్ళిన పిల్లను తిరిగి పంపనంటే? పుట్టబోయే మనవణ్ణి చూడాలన్నా నడికుడి రైలెక్కి వెళ్ళి వాకిట్లో నిలబడాలి.

 ఆమె మూడో ఫారం మడతలన్నీ ఒక దగ్గరికి చేర్చి మొగుడి ముందుకు తోసింది.

“ఇవి తీసుకెళ్ళి జొన్నల గాదెలో పెట్టయ్యా. మూడు ఫారాలతోనే కుట్టేద్దాం.”

“పెళ్ళిపాటలే తీసేస్తావంటక్కా?” సాబిరా లేచి కూచుంది. “నవ్వులన్నీ గాదెలో పోసి ఒట్టి హారతులు కుట్టమంటావా?”

“కుట్టవే తల్లీ.”

బెజవాడాయన గీసిన గీతను ఇప్పుడు తన చేత్తో తనే గీసుకుంటున్నట్టయింది ఆమెకు. ఆయన దగ్గరయితే ఈ తప్పు దొర్లేది కాదు, నిజమే. దిద్దేవాళ్ళు ముగ్గురున్నారు. కానీ తప్పు దొర్లడానికి అక్కడ ఈ పాటలే ఉండేవి కావు. ఇక్కడ పాటలూ తనవే, తప్పూ తనదే, భయమూ తనదే. సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. దారం కొస మళ్ళీ మళ్ళీ తడిపి, చివరికి సాబిరా చేతికి ఇచ్చేసింది. ఏలియా తల వంచుకుని సాయంత్రం దాకా వాళ్ళతో పాటే కూచుని మడతలు రుద్ది, ఎవరూ అడగకపోయినా అట్టలన్నీ తనే అంటించి, పొద్దువాలాక పేట బండెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ధనమ్మ దిగింది. అల్లుడు సత్తెనపల్లి స్టేషనుకు బండి కట్టుకెళ్ళి తీసుకొచ్చాడు. బండిలో సగం ఆమే, మిగతా సగం సూడిదల బుట్టలు. వాటి మధ్య ఆమె వెంట వచ్చిన ఇద్దరు చుట్టాలు ఎలా పట్టారో వాళ్ళకే తెలియాలి. బండి దిగుతూనే కూతురి గడ్డం పట్టుకుని ఎత్తి చూసింది. “ఏందే, ఇంత చిక్కావు? అన్నం పెట్టట్లేదా మీ అత్త?” అని అరిచి, అత్త వంక చూసి నవ్వింది.

కాళ్ళు కడుక్కుని మంచం మీద కూచోగానే అడిగింది. “పుస్తకం అచ్చేయించావంటగా ఒదినా? దాచేపల్లి దాకా తెలిసింది.”

“ఆఁ, ఏదో చిన్నది. రేపు పేరంటంలో పంచుదామని.”

“ఏముంటయ్యి అందులో?”

“హారతులు ఒదినా. లాలిపాటలు. అయ్యే.”

ధనమ్మ ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడమే వీరరాఘవమ్మను పట్టుకుని పీడించింది. ఆ సాయంత్రం తల్లీ కూతుళ్ళు వెనక వసారాలో తలుపు దగ్గరికి వేసుకుని చాలాసేపు కూచున్నారు. పాలు తీసుకుని వెళితే లోపల మాటలు ఠక్కున ఆగిపోయాయి. పొద్దున్నే గొడ్లసావిడి దగ్గర ధనమ్మ ఏదో సన్నగా కూనిరాగం తీస్తోంది. ఈమెను చూసి ఆపేసింది. చుట్టాలిద్దరూ వంటింట్లో కూరలు తరుగుతూ ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకుని కొంగుల్లో నవ్వుకుంటున్నారు.

“తెలిసిపోయిందయ్యా” అంది వీరరాఘవమ్మ, గడ్డి వేస్తున్న మొగుడి దగ్గరికి పోయి.

“ఎట్టా తెలిసిద్ది? గాదె మీద నేనే మూత పెట్టి, మూత మీద తిరగలి పెట్టా.”

“ఆమె మాట్లాట్లేదు. ధనమ్మొదిన మాట్లాడకండా ఉందంటే పిడుగు పడేముందు గాలి ఆగినట్టే.”

“అయితే వడియాలు దింపుకుందాం” అన్నాడు బసవయ్య. ఆమె చూసిన చూపుకి గడ్డిమోపు ఎత్తుకుని అవతలికి పోయాడు.

మధ్యాహ్నం దాటాక పేరంటం మొదలైంది. సామ్రాజ్యానికి తలంటి, పచ్చ పట్టుచీర కట్టించి పీట మీద కూచోబెట్టారు. చేతులనిండా గాజులు తొడిగారు. ఒళ్ళో చలిమిడి పెట్టారు. పంచ, వాకిలి, పందిరి అన్నీ ఆడవాళ్ళతో నిండిపోయాయి. వీరరాఘవమ్మే ముందు హారతి పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. పాట బాగానే ఉంది గానీ ఎవరికీ ఊపు రాలేదు. “పెళ్ళిపాట పాడు రాఘవమ్మక్కా, వియ్యపురాలు ఎదురుగానే ఉందిగా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. “గొంతు పట్టుకుంది” అని తప్పించుకుంది ఆమె. 

తాంబూలాలు పంచడం మొదలైంది. ఆకులు, వక్కలు, అరటిపళ్ళు, వాటి మీద గులాబిరంగు పుస్తకం. చదువు వచ్చినవాళ్ళు తెరిచారు, రానివాళ్ళు కళ్ళకద్దుకున్నారు. ధనమ్మ పుస్తకం అందుకుని పళ్ళూ ఆకులూ పక్కనున్న చుట్టం ఒళ్ళో పడేసింది. మొదటి పేజీ తెరిచి చూపుడు వేలు పైన పెట్టి నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ వచ్చింది. పేజీ తిప్పింది. మళ్ళీ పై నుంచి కిందికి. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఒక్కొక్క వరసా వెతుకుతోంది. వీరరాఘవమ్మ చేతిలో తాంబూలం అలాగే ఉండిపోయింది. ధనమ్మకు చదువు రాదన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ధనమ్మ చివరి పేజీ దాకా వెళ్ళింది. అట్ట వెనక్కి తిప్పి చూసింది. పుస్తకం మూసి లేచి నిలబడింది.

“ఇందులో నేను లేనేంది?”

పందిట్లో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

“నిన్నే ఒదినా, అడుగుతున్నా. నా పేరేదీ?”

“నీకు... నీకు చదువు రాదుగా ఒదినా” అంది వీరరాఘవమ్మ. 

“చదువు రాదు. నా పేరొచ్చు. నిన్న నేర్చుకున్నా.”

పీట మీద సామ్రాజ్యం తల వంచుకుంది. సిగ్గుతో కాదు, నవ్వుతో భుజాలు కదులుతున్నాయి. “తప్పయిపోయింది అత్తయ్యా. మొన్న మడతలేసేటప్పుడు ఒకటి తీసి దాచుకున్నా. నిన్న అమ్మకి చదివి వినిపించా. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. తన పేరు యాడుందో చూపించమంది. ఒక్కొక్క అచ్చరం వేలు పెట్టి నేర్చుకుంది.”

“నేర్చుకుని ఏం లాభం?” ధనమ్మ గొంతు పెద్దదయింది. “పుస్తకంలో నా పేరుమీద పాటలున్నయ్యని మావాళ్ళకి చెప్పా. ఇయ్యాల పేరంటంలో అందరి చేతుల్లో ఉంటయ్యి, చూడండి అని చెప్పా. ఒదినా, నాకు పెళ్ళయిన కాణ్ణించి నన్ను ధనమ్మా అని పిలిచినోళ్ళు ఎవురు? బట్టీలోళ్ళ ఇంటామె. కామందు భార్య. సామ్రాజ్యం వాళ్ళమ్మ. ఆయనేమో ఏమే అంటాడు. మా అమ్మ ఉన్నన్నాళ్ళు ఆమె పిలిచేది. ఆమె పోయినాక నా పేరు నాకే మరుపొచ్చింది. నిన్న ఆ పిల్ల చదువుతుంటే ధనమ్మ, ధనమ్మ అని ఇల్లంతా మోగింది. లడ్లు దాచుకున్నానంటే దాచుకున్నా! గుర్రు పెడతానంటే పెడతా! లేనిది రాశావా?”

ఆమె ముక్కు ఎగబీల్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నీళ్ళు బయటికి రానివ్వలేదు.

“పుస్తకం నీది గావచ్చు. తిట్లు నావి. నా తిట్లు నాకియ్యి.”

వీరరాఘవమ్మ అక్కడే అరుగు మీద కూలబడింది. రెండు రోజులుగా గుండెల మీద కూచున్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పందిరి గుంజ దగ్గర నిలబడ్డ బసవయ్య గొంతు సవరించుకున్నాడు. “అది కాదమ్మా, అసలు జరిగిందేందంటే, ప్రెస్సు ఏలియా ఆ రోజు నన్ను...”

“నువ్వుండయ్యా!” వీరరాఘవమ్మ లేచి నిలబడింది. సాబిరా నోరు తెరవబోయి, ఆమె చూపు చూసి మూసేసుకుంది.

“నిజంగా నా కోసమే కట్టావా ఒదినా?” ధనమ్మ గొంతు ఈసారి చిన్నపిల్ల గొంతయింది.

వీరరాఘవమ్మకు ఆ ఒక్క క్షణంలో చుక్కలన్నీ గుర్తొచ్చాయి. ఏ పందిరికా పేరు, ఏ వియ్యానికా వియ్యపురాలు. ఆ ఖాళీల్లో ఎందరి పేర్లో వచ్చాయి, పెళ్ళి కాగానే పోయాయి. ఒక్కరి పేరు మాత్రం సీసపు అక్షరాల్లో పడి నిలబడిపోయింది. పొరబాటు ఎవరిదయితేనేం? పుస్తకం తనది. అందులో ఏమున్నా తను రాసిందే.

“నీకు కాక ఇంకెవురికి కడతా ఒదినా?” అంది. “నువ్వు కోప్పడతావేమోనని జడిసి దాచా. పొరబాటంటే అదే నేను చేసిన పొరబాటు.”

అంతే, పందిరి మళ్ళీ గలగలలాడింది. బసవయ్య తిరగలి ఎత్తి, గాదె మూత తీసి, జొన్నలు దులిపి మూడో ఫారాలన్నీ మోసుకొచ్చి పందిట్లో పోశాడు. పంచిన పుస్తకాలన్నీ వెనక్కి వచ్చాయి. ఇవ్వనని ఎవరూ అనలేదు. పెళ్ళిపాటలు లేని పుస్తకం ఎవరిక్కావాలి? సాబిరా చాప మధ్యలో కూచుని అట్ట అంచు జాగ్రత్తగా లేపి, కుట్టు దారం కొస తెంపి, మధ్యలో మూడో ఫారం దూర్చి, మళ్ళీ సూది పోనివ్వడం చూపించింది. పట్టుచీరలన్నీ బాసిపట్లు వేసుకుని కూచున్నాయి. ఒకళ్ళు విప్పేవాళ్ళు, ఒకళ్ళు దూర్చేవాళ్ళు, ఒకళ్ళు కుట్టేవాళ్ళు. గోళ్ళకు గంజి, చేతులకు గంధం, జుట్టులో జొన్నపొట్టు. ఇంతమంది పనివాళ్ళు బెజవాడ ప్రచురణాలయంలో కూడా ఉండి ఉండరు.

“గొంతు పట్టుకుందన్నావుగా, వదిలిందా?” అని సాబిరా మోచేత్తో పొడిచింది.

వీరరాఘవమ్మ గొంతెత్తింది. లడ్ల పాట పాడింది, బూరెల పాట పాడింది, వడియాల పాట దగ్గరికి వచ్చేసరికి పందిరి పందిరే అందుకుంది. పేరు వచ్చినప్పుడల్లా ధనమ్మ తల పెద్దగా ఊపుతోంది. సన్మానం జరుగుతున్నవాళ్ళు కూడా అంత నిండుగా కూచోరు. పాట ముగిశాక ధనమ్మ చేతిలోని ఫారాల కట్ట పక్కన పెట్టింది.

“అయిందా నీ పాట? ఇహ నా వంతు” అని చేతులు తట్టి, బొంగురు గొంతుతో ఎత్తుకుంది.

*ముప్పాళ్ళ రాఘవమ్మ పుస్తకం అచ్చేసింది*
*పేరు చూసి జడుసుకోని పేజీలు దాచేసింది!*

నవ్వులకి వాకిట్లో కట్టేసిన ఎడ్లు కూడా తలలెత్తి చూశాయి. వీరరాఘవమ్మ సూది ఆపి, పెదవుల మీద ఆ చరణం ఒకసారి అనుకుని చూసుకుంది. దరువు తప్పలేదు. మంచి చరణం. కట్టినవాళ్ళ మీద ఆమెకు ప్రేమ పొంగుకొచ్చింది.

“బాగుందొదినా. నీ పాటలు కూడా అచ్చేయించు.”

“ఏయిస్తా. నాకేం భయమంట? ఆయన్నడిగి కాదు, నా గాజులమ్మి ఏయిస్తా. ప్రతి పాటలో నీ పేరే.”

“ఏయించు. నన్ను మాత్రం పేరుపెట్టి ఎవురు పిలుస్తున్నారు ఇంట్లో?” అని, వీరరాఘవమ్మ మొగుడి వంక చూసింది. బసవయ్య గబగబా జొన్నలు గాదెలో పోసుకోవడంలో పడ్డాడు.

నాలుగు ఫారాలతో మొదటి పుస్తకం తయారయింది. గంజి ఇంకా తడిగానే ఉంది. వీరరాఘవమ్మ దాన్ని రెండు చేతులతో వియ్యపురాలికి అందించింది. ధనమ్మ పేజీలు తిప్పి, వేలు పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చి, ఒకచోట ఆపింది. ఆ వేలు ఎత్తకుండానే పక్కనున్న చుట్టం వైపు పుస్తకం తిప్పింది.

“ఇదిగో చూడు” అంది. “ఇది నేను.”